నంది కొండ దిగుతుంటే వచ్చిన కమురు వాసన

నంది కొండకు వెళ్తే పనిరోజునే వెళ్లాలన్నది నా పట్టుదల. ఆదివారమైతే సగం బెంగళూరు అక్కడే ఉంటుంది. ఒక మంగళవారం చీకటి ఉండగానే హెబ్బాళ దాటాం. నేను నా స్కూటర్ మీద ముందు, మా బావమరిది తన బైకు మీద వెనక. 60 కిలోమీటర్ల దారి.

దేవనహళ్లి దగ్గర టీ కోసం ఆగినప్పుడు బావమరిది అన్నాడు: "బావా, మీ బ్రేకు లైటు దారి పొడవునా వెలుగుతూనే ఉంది."

చూసుకుంటే నిజమే. ఎడమ చేతి వేళ్లు రెండు లివర్ మీదే ఆనుకుని ఉంటున్నాయి. సిల్క్ బోర్డు కూడలిలో రోజూ గంటసేపు పాకితే పట్టుకునే జబ్బు ఇది. పైగా నా బండికి ఎడమ లివర్ నొక్కితే ముందు చక్రం, వెనక చక్రం రెండూ పట్టుకుంటాయి. 125 సీసీ దాకా బండ్లకు ఈ జంట బ్రేకో, చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్సో 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు కదా. మూడు నెలల క్రితం వేయించిన ముందు చక్రం బ్రేకు ప్యాడ్లు (డిస్కును రెండు వైపులా పట్టుకునే బిళ్లలు) 3,000 కిలోమీటర్లకే గీరుకుంటూ మోగడానికి కారణం దొరికిందనుకున్నాను. దొంగ నా చేతిలోనే ఉన్నాడు! అక్కడి నుంచి వేళ్లు ముడుచుకునే నడిపాను.

కొండ మీద సూర్యోదయం గురించి చెప్పేదేమీ లేదు. 1,478 మీటర్ల ఎత్తున మంచు తప్ప ఏమీ కనబడలేదు. ఉడికించిన వేరుశనగలు మాత్రం బాగున్నాయి.

అసలు కథ దిగేటప్పుడు మొదలైంది. స్కూటర్‌కు గేర్లు ఉండవు. యాక్సిలరేటర్ వదిలి వేగం బాగా తగ్గితే క్లచ్ విడిపోతుంది, ఇక ఇంజను బండిని పట్టి ఉంచదు. భారమంతా బ్రేకులదే. అయినా అవసరమైనంతే నొక్కాను. సగం దిగేసరికి కమురు వాసన, ముందు చక్రం నుంచి కీచుమనే శబ్దం. కింద ఆపి సెంటర్ స్టాండు వేశాం. బావమరిది వెనక సీటు మీద కూర్చుని బరువు వేస్తే ముందు చక్రం లేచింది. చేత్తో తిప్పాను. సగం చుట్టు తిరిగి ఆగిపోయింది. డిస్కు దగ్గర అరచెయ్యి పెడితే సెగ! లివర్ వదిలేసే ఉంది, బ్రేకు లైటు ఆరే ఉంది.

చల్లారేదాకా నంది ఊరిలోని భోగనందీశ్వర ఆలయం కోనేటి మెట్ల మీద కూర్చున్నాం. నిజానికి ఆ రోజు నాకు నచ్చిన గంట అదే.

తర్వాత నెమ్మదిగా చిక్కబళ్లాపురం చేరాం. వచ్చీరాని కన్నడంలో గోడు చెప్పుకుంటుంటే, పెద్దవయసు మెకానిక్ "తెలుగులోనే చెప్పండి సార్" అన్నాడు. ఆ జిల్లాలో తెలుగు మాట్లాడే ఇళ్లు బోలెడు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి అక్కడికి దగ్గరే. "ఆయన ఊరి పక్కన ఉండి బ్రేకు బాగు చేయలేకపోతే ఎలా?" అని నవ్వాడాయన.

ముందుగా క్యాలిపర్ మీద, అంటే ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే భాగం మీద, ఆయిల్ వదిలే నట్టు కాస్త సడలించాడు. నాలుగు చుక్కలు కారాయి. చక్రం అలాగే బిగుసుకుని ఉంది. "ఆయిల్ ఒత్తిడి వల్లయితే ఇప్పుడు వదిలేసేది. పైన ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లో తప్పు లేదు, ఇక్కడే ఉంది" అన్నాడు. తర్వాత ప్యాడ్లు రెండూ తీసి నా అరచేతిలో పక్కపక్కన పెట్టాడు. బయటి దాని మీద అరుగుదల తెలిపే గాడి ఇంకా స్పష్టంగా ఉంది. లోపలిది మాత్రం ఇనుప రేకుదాకా అరిగిపోయి నీలంగా కమిలింది.

"మీరు వేళ్లు ఆనించడం వల్లయితే రెండూ ఇంచుమించు ఒకేలా అరిగేవి సార్."

ఈ బండికి పిస్టన్ ఒకటే, లోపలి వైపు. అది లోపలి ప్యాడ్‌ను నొక్కితే, క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్నులు బిగుసుకుంటే ఆ జారడం ఉండదు. నొక్కుడంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది, లివర్ వదిలినా అది డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. ఆయన ఒక పిన్ను లాగి చూపించాడు. రబ్బరు తొడుగు చిరిగి, వాననీళ్లు దిగి, గ్రీజు నల్లటి బెల్లం పాకంలా గట్టిపడింది. మూడు నెలల క్రితం ప్యాడ్లు మార్చిన మనిషి పిన్నుల వైపు చూసినట్టే లేదు. ఈమధ్య మైలేజీ తగ్గిందని, పార్కింగ్‌లో బండి తోయడం బరువవుతోందని నేను గొణుక్కోవడమే తప్ప ఆ రెండిటినీ ఎప్పుడూ బ్రేకుతో కలిపి చూడలేదు.

ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త తొడుగులు వేసి, సిలికాన్ గ్రీజు పూశాడు. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుందట. కొత్త ప్యాడ్లు పెట్టాక, లివర్ గట్టిపడేదాకా పదిసార్లు నొక్కనిదే బండి కదలనివ్వలేదు. ముందు చక్రం తిప్పితే ఈసారి గిర్రున తిరుగుతూనే ఉంది. మొత్తం 650 రూపాయలు.

యెలహంక దగ్గర బావమరిది బైకు పక్కకు తెచ్చి హారన్ కొట్టాడు. ఏమిటా అని చూస్తే, నా వేళ్లు రెండూ మళ్లీ లివర్ మీదే ఉన్నాయి.