ఫజ్జింగ్ లాగ్: ఎంపీ4 పెట్టెలు అయ్యాయి, ఇక సబ్‌టైటిళ్లు

ఫజ్జింగ్ అంటే ప్రోగ్రాంకి చెడగొట్టిన ఫైళ్లు వేలకొద్దీ మింగించి ఎక్కడ కూలుతుందో చూడటం. పాత ఐ3 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఉబుంటు, ఆ పని చేసిపెట్టే ఫజ్జర్ ఏఎఫ్ఎల్ ప్లస్ ప్లస్. నాకున్న సరంజామా ఇదే. మీడియా ప్లేయర్ మొత్తాన్నీ గెలకడం దీనివల్ల కాదు కాబట్టి, ఎంపీ4 ఫైలు తెరిచి లోపలి పెట్టెల్ని (డేటా ముక్కల్ని) చదివే భాగం ఒక్కటే పట్టుకున్నా. బొమ్మ తెరమీదికి రాకముందే, ఫైలు చదివే దగ్గరే బోలెడు కంతలుంటాయి (దొంగలు దూరే లోపాలు).

సీడ్ ఫైళ్లకి (ఫజ్జర్ మార్చడం మొదలుపెట్టే అసలు ఫైళ్లు) జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఫోన్‌తో తీసిన క్లిప్పులు వాడా. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో పనిముట్టుతో ఒక్క సెకనుకి కత్తిరించి, 64×64కి కుదించి, శబ్దం తీసేశా. ఫైలు ఎంత చిన్నదైతే ఫజ్జర్ అంత జోరుగా తిరుగుతుంది. ప్రభ ఏదో, జనం ఎవరో ఆనవాలు కూడా తెలీదు గానీ దానికి ఆ సోకులతో పనిలేదు.

అంబాజీపేటలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఫజ్జర్ అదేపనిగా ఫైళ్లు రాస్తుంది కాబట్టి ఎస్ఎస్‌డీ అరక్కుండా దాని తాత్కాలిక ఫైలుని ర్యామ్‌లోకి మళ్లించా. పనికొచ్చిన ఫైళ్లు దాచుకునే క్యూ ఫోల్డర్ మాత్రం డిస్క్ మీదే ఉండాలి. అప్పుడే కరెంటొచ్చాక, ఇన్‌పుట్ ఫోల్డర్ పేరుకి బదులు ఉత్త అడ్డగీత ఇస్తే ఆగినచోటి నుంచి అందుకుంటుంది.

ఇక అసలు పని. 2015లో జోషువా డ్రేక్ బయటపెట్టిన స్టేజ్‌ఫ్రైట్ (ఆండ్రాయిడ్‌లో వీడియోలు చదివే లైబ్రరీ) లొసుగుల్లో సీవీఈ-2015-3824 'టీఎక్స్3జీ' పెట్టెది. సీవీఈ అంటే బయటపడ్డ ప్రతి లొసుగుకీ ఇచ్చే నంబరు. వీడియోలో సబ్‌టైటిల్ వివరాలుండే చోటది. అదే లెక్కతో సీలో ఓ చిన్న ప్రోగ్రాం రాసి, కంతని కావాలనే వదిలి, ఫజ్జర్ పట్టుకుంటుందా అని చూశా.

ఎంపీ4లో ప్రతి పెట్టెకీ మొదటి 4 బైట్లు సైజు, తర్వాతి 4 పేరు. కొబ్బరికాయల లోడుతో వచ్చే చీటీ లాంటిదా సైజు. కాయలు లెక్కపెట్టకుండా చీటీనే నమ్మితే కొంప మునిగినట్టే. అప్పటికే చదివిన పాత డేటా 100 బైట్లుంది, కొత్త పెట్టె సైజు 4,29,49,67,246 అని ఫైలు చెబుతోంది అనుకోండి. రెండూ కలిపితే 32 బిట్లలో పట్టదు. 4,29,49,67,296 దగ్గర లెక్క చుట్టు తిరిగి మళ్లీ సున్నా నుంచి మొదలై, మిగిలేది 50. ప్రోగ్రాం 50 బైట్ల చోటు తీసుకుని, అందులోకి ముందు పాత 100 బైట్లు దింపుతుంది. చేత్తో తయారుచేసిన ఆ ఫైలు ఇవ్వగానే అడ్రస్ శానిటైజర్ (మెమరీ హద్దు దాటితే పట్టుకునే పనిముట్టు) సరిగ్గా అక్కడే ఎర్రగా కేకేసింది.

ఫజ్జర్ మాత్రం ఊరికే బిట్లు తిప్పుతూ చాలాసేపు పెట్టె పేర్ల దగ్గరే తచ్చాడింది. 'మూవ్', 'ట్రాక్', 'టీఎక్స్3జీ' పేర్లతో డిక్షనరీ ఫైలు (వాడుకోవాల్సిన మాటల జాబితా) ఇచ్చాక దారిలో పడింది. ఎంపీ4తో ఆడేవాళ్లు ఇది మొదట్లోనే పెట్టుకోండి.

ఆండ్రాయిడ్‌లో ఆ లొసుగుకి మొదటేసిన అతుకూ (ప్యాచ్) చాల్లేదు. సైజు గడిలో 1 ఉంటే అసలు సైజు పేరు తర్వాతి 64 బిట్లలో ఉంటుంది. ఆ దారిన మళ్లీ దూరొచ్చని తేలి సీవీఈ-2015-3864 వచ్చింది. అదే అతుకు నా ప్రోగ్రాంకి వేసి, 64 బిట్ల సీడ్ ఒకటి కలిపి మళ్లీ వదిలా. అదీ దొరికింది.

మధ్యలో మా బాబాయి వీడియో స్టూడియోలో చూస్తే వీఎల్‌సీ ప్లేయర్ పాత కూర్పు 2.2.4! "ఏరా, శుభ్రంగా ఆడుతున్నదాన్ని కెలకడం దేనికి?" అన్నాడు. 2017 మేలో చెక్ పాయింట్ అనే భద్రతా కంపెనీ వాళ్లు సబ్‌టైటిల్ ఫైలుతోనే వీఎల్‌సీ, కోడీ ప్లేయర్లున్న సిస్టం చేజిక్కించుకోవచ్చని చూపించారు. వీడియో పక్కన అదే పేరుతో సబ్‌టైటిల్ ఫైలుంటే వీఎల్‌సీ అడక్కుండానే తెరుస్తుంది. స్టూడియోకి వచ్చేవన్నీ ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లే. వీఎల్‌సీ తయారుచేసే వీడియోలాన్ సైటు నుంచే కొత్తది దించి, విండోస్‌లోని సర్ట్‌యుటిల్‌తో షా-256 (ఫైలు వేలిముద్ర) సరిచూసి ఎక్కించా. పాత పెళ్లి ఏవీఐలు అన్నీ ఆడుతున్నాయి, బాబాయి ఊరుకున్నాడు.

ఆ 2017 కంతల్లో మూడు జాకోసబ్ అనే సబ్‌టైటిల్ ఫార్మాట్ చదివే ఫంక్షన్‌వే. ఆ ఫైలు వాడేవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు, అయినా ప్లేయర్‌లో దానికి కోడ్ ఉంది. తర్వాతి టార్గెట్ అలాంటివే. ఉత్త అక్షరాలే కాబట్టి సీడ్లు చేత్తో రాస్తున్నా, మామూలుగా వాడే ఎస్ఆర్‌టీ సబ్‌టైటిళ్లవి అయ్యాయి.