పానగల్ గుట్ట మీద పాత ముట్టడి

వనపర్తి దగ్గరి పానగల్ కోట చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. అందం కోసమైతే గద్వాల ఉంది, ఆలంపురం ఉంది. పానగల్ మీద నా ఆసక్తి వేరు. 1417 ప్రాంతంలో గుల్బర్గా నుంచి బహమనీ సుల్తాన్ ఫిరోజ్ షా పెద్ద సైన్యంతో వచ్చి ఈ కోటను చుట్టుముట్టాడు. రెండేళ్లు కూర్చున్నాడు. కోట దక్కలేదు సరికదా, ఉన్న పరువు కూడా పోయింది. ఆ రెండేళ్లలో అతని వెంట వచ్చినవాళ్లు లోలోపల ఏమనుకుని ఉంటారన్నదే నా కుతూహలం.

ఆ పానగల్ ఇది కాదు, నల్గొండ పక్కనున్న పానగల్లు అని కొందరు చరిత్రకారులు అంటారు. బ్రిటిష్ కాలం నాటి ఇంపీరియల్ గెజిటీర్ మాత్రం ఈ గుట్ట పేరే రాసింది. నల్గొండ వాళ్లకు ఛాయా సోమేశ్వరాలయం ఎలాగూ ఉంది. ఈ ఓటమినైనా పాలమూరుకు వదిలేయమని నా మనవి.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హైదరాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద జడ్చర్ల, భూత్పూర్ దాటి, కొత్తకోట దగ్గర ఎడమకు తిరిగితే వనపర్తి. సంస్థానం రాజుల ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. దాన్ని బయటి నుంచే చూసి పానగల్ బస్సెక్కాను. ఆధార్ కార్డులు చేతిలో పట్టుకున్న ఆడవాళ్లతో బస్సు నిండిపోయింది, నిలబడటానికే చోటు కరువు. జనవరి కాబట్టి దారి పొడుగునా పల్లి చేలు. కొన్నిచోట్ల అప్పుడే పీకుతున్నారు.

గుట్ట ఎక్కే ముందు చాయ్ తాగుదామని ఒక చిన్న హోటల్లో కూర్చున్నాను. టీవీలో ఉక్రెయిన్ యుద్ధం వార్తలు. మ్యాపు మీద ఎర్ర రంగు కాస్త ఇటు జరిగింది, కాస్త అటు జరిగింది. యాంకర్ మాత్రం ప్రపంచం ఆ నిమిషంలోనే తలకిందులైనట్టు అరుస్తున్నాడు.

"మూడు దినాల్ల అయిపోతదన్నరు గదా?" అన్నాడు బజ్జీలు తింటున్న ఒకాయన.

"ఎన్నేండ్లాయె! ఎవలు గెలుస్తున్నరో వాళ్లకన్న తెలుసా?" అన్నాడు పక్కనున్నాయన.

అక్కణ్ణుంచి మాట మనవాళ్ల మీదకు వచ్చింది. హెల్పర్ ఉద్యోగం, మంచి జీతం అని ఏజెంట్లు నమ్మించి రష్యా తీసుకెళ్లి, యుద్ధంలోకి తోసిన భారతీయ యువకుల గురించి 2024లో పేపర్ల నిండా వచ్చింది. వాళ్లలో తెలంగాణ వాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ యువకుడు ఒకరు అక్కడే చనిపోయాడు. బజ్జీల ఆయనకు ఆ సంగతి బాగా గుర్తుంది. "ఆ యుద్ధం మనది గాదు, ఆ దేశం మనది గాదు. గెలిస్తే మనకేంది, ఓడితే మనకేంది?" అన్నాడు.

అప్పటిదాకా నోరు విప్పని హోటల్ యజమాని పొయ్యి దగ్గర నుంచే అన్నాడు: "గెల్చుడు, ఓడుడు అక్కడున్నోనికి గూడ తెల్వది. నేను శ్రీలంకకు పోయొచ్చిన."

ఆయనకు అరవై దాటి ఉంటాయి. భారత శాంతి సేనలో సిపాయిగా 1987లో జాఫ్నాకు వెళ్లాడట. నేను అడిగింది తక్కువ, ఆయన చెప్పింది ఎక్కువ. ఆ జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమిళ టైగర్లు (ఎల్టీటీఈ) ఆయుధాలు అప్పగిస్తారు, మన సైన్యం పక్కన నిలబడి శాంతిని కాపాడుతుంది. అనుకున్నది అంతే.

"దిగంగనే దండలేసిండ్రు సార్. అక్టోబర్‌ల వాళ్లే కాల్చిండ్రు. మేము పోయింది కొట్లాడనీకి గాదు. పోయినంక కొట్లాట పెట్టిండ్రు."

జాఫ్నా పట్టణాన్ని మన సైన్యం కొద్ది వారాల్లోనే పట్టుకుంది. ఆ తర్వాత యుద్ధం అడవుల్లోకి పోయింది. అక్కడ గెలుపును దేనితో కొలవాలో ఎవరూ చెప్పలేకపోయారు. 1989లో కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మీరు వెళ్లిపోండన్నాడు. మనల్ని సాగనంపడానికి ఆయన ప్రభుత్వమే టైగర్లకు ఆయుధాలు ఇచ్చింది. ఢిల్లీలో ప్రభుత్వం మారి వి.పి. సింగ్ వచ్చాక, 1990 మార్చి 24న చివరి దళం తిరిగి వచ్చింది. 1,100 మందికి పైగా మన సైనికులు అక్కడ చనిపోయారు. తిరిగి వచ్చినవాళ్లకు స్వాగతం చెప్పడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి రానన్నారు.

"మా అమ్మకు సదువు రాదు. పక్కింటి పిలగానితోని ఉత్తరం రాయిచ్చేది. రాముడు పోయొచ్చినంక మల్ల మనోళ్లెందుకు పోవాలె బిడ్డా, అని. నవ్వుకునేటోళ్లం మేము. రెండో ఏడు నవ్వు రాలే" అన్నాడు.

అంతలోనే మళ్లీ, "ఇంకో ఆర్నెల్లు ఇస్తే మాత్రం గెలిచేటోళ్లం" అన్నాడు.

ఆయన కొడుకు గ్రూప్స్‌కు చదువుతున్నాడు. గ్లాసులు కడుగుతూ తలెత్తి, "బోరేసినప్పుడు గూడ గిట్లనే అన్నవ్ గదా నాయినా. మూడు వందల ఫీట్లకు పడకపోతే ఇంకో యాభై అన్నవ్. దుమ్మొస్తుంటే ఇంత పెట్టినంక ఇడిసిపెడ్తమా అన్నవ్" అన్నాడు. హోటల్లో అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. "బోరుల పైసలు పోతయ్‌రా. అక్కడ మనుషులు పోయిండ్రు. మనుషులు పోయినంక ఇడిసిపెట్టి వచ్చుడు ఇంకా కష్టం."

ఆయన మోకాళ్లు సహకరించవు కాబట్టి కొడుకును నాతో పంపాడు. గుట్ట మరీ ఎత్తు కాదు గానీ మెట్లు పాడైపోయాయి, సీతాఫలం పొదలు, ముళ్లకంపలు దారిని కమ్మేశాయి. ఏడు గోడల కోట అని గెజిటీర్ మాట. నేను లెక్కపెట్టే ఓపిక మూడో గోడ దగ్గరే వదిలేశాను. సున్నం లేకుండా పేర్చిన పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య బురుజులు. శిఖరం మీద బాలాహిసార్, అంటే లోపలి కోట. అక్కడ నిలబడితే కింద చేలు, చెరువులు, రోడ్డు మీద ట్రాక్టర్లు అన్నీ కనిపిస్తాయి. దాడి చేయడానికి వచ్చేవాడు ఎటు నుంచి వచ్చినా పైవాడికి గంట ముందే తెలిసిపోతుంది. రెండేళ్లు ఎందుకు పట్టిందో నాకు కాళ్ల నొప్పులతోనే అర్థమైంది.

ఆ ముట్టడి సంగతి మనకు ప్రధానంగా చరిత్రకారుడు ఫెరిష్తా రాతల వల్ల తెలుస్తుంది. ఆయన ఇంచుమించు 200 ఏళ్ల తర్వాత, బిజాపూర్‌లో ఉండి రాశాడు. ఫిరోజ్ షా అంతకుముందు, 1406లో, విజయనగరాన్ని గెలిచినవాడు. ఆ గెలుపే ధీమా ఇచ్చి ఉండాలి. ఈసారి గుట్ట లొంగలేదు. శిబిరంలో మహమ్మారి వ్యాపించింది. మనుషులు, గుర్రాలు చచ్చిపోతున్నాయి. అమీర్లు, అంటే సుల్తాన్ కింది సర్దార్లు, చాలామంది తమ బలగాలను వెంటబెట్టుకుని ఎవరి జాగీర్లకు వాళ్లు వెళ్లిపోయారు. సుల్తాన్‌కు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కాళ్లు మాత్రం ఉన్నాయి.

అప్పుడు వచ్చాడు విజయనగర రాజు దేవరాయలు, తెలంగాణ రాజు సాయం కూడా తీసుకుని. యుద్ధం వద్దని అధికారులు చెప్పినా ఫిరోజ్ షా వినలేదు. అతని సేనాని మీర్ ఫజలుల్లాను సొంత నౌకరే చంపాడు. శత్రువు దగ్గర లంచం తిన్నాడని ఫెరిష్తా రాశాడు. సుల్తాన్ పారిపోయాడు. గుజరాత్‌ను సాయం అడిగితే అందలేదు. 1422లో గద్దెను తమ్ముడు అహ్మద్ షాకు వదిలేయాల్సి వచ్చింది. ఆ తమ్ముడే తర్వాత రాజధానిని బీదర్‌కు మార్చాడు.

"అమెరికోళ్లకు గూడ వియత్నాంల గిట్లనే అయింది గద సార్?" అన్నాడు అబ్బాయి, బురుజు నీడలో కూర్చుని నీళ్లు తాగుతూ. గ్రూప్స్ సిలబస్ పుణ్యమా అని అతనికి తేదీలన్నీ నోటికి వచ్చు.

కొంత అలాగే, కొంత వేరు అన్నాను. అక్కడ అమీర్లకు బదులు ఓటర్లు ఉన్నారు. వియత్నాంకు సైన్యాన్ని పంపడం పొరపాటా అని గాలప్ సంస్థ 1965 ఆగస్టులో అడిగితే, అవునన్నవాళ్లు 24 శాతం. 1968 ఆగస్టుకు వాళ్లు 53 శాతం అయ్యారు. మధ్యలో జరిగింది చిత్రమైన సంగతి. యుద్ధం ముగింపు కనుచూపు మేరలోకి వచ్చిందని అక్కడి అమెరికా సేనాని జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ 1967 నవంబర్‌లో చెప్పాడు. మూడు నెలలు తిరగకుండానే, వియత్నాం వాళ్ల కొత్త సంవత్సరం టెట్ పండగ రోజుల్లో, శత్రువు దక్షిణ వియత్నాంలోని వందకు పైగా నగరాలు, పట్టణాల మీద ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. సైగాన్‌లో అమెరికా ఎంబసీ ఆవరణలోకి కూడా జొరబడ్డాడు. నిజానికి అమెరికా సైన్యం ఆ దాడులను తిప్పికొట్టింది. యుద్ధభూమిలో గెలిచింది, ఇంట్లో నమ్మకం పోగొట్టుకుంది. మార్చి 31న అధ్యక్షుడు జాన్సన్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. అయినా యుద్ధం మరో ఏడేళ్లు సాగింది. మొత్తం 58,000 మందికి పైగా అమెరికన్లు పోయారు. వియత్నాం వాళ్ల లెక్క లక్షల్లో ఉంటుంది, దాన్ని అమెరికా సర్వేల్లో ఎవరూ అడగలేదు.

ఇరాక్‌లో అమెరికా మాటలే మారిపోతూ వచ్చాయి. మొదట సామూహిక విధ్వంసక ఆయుధాలన్నారు. అవి దొరకలేదు. తర్వాత ప్రజాస్వామ్యం అన్నారు. ఆ తర్వాత, ఇప్పుడు వచ్చేస్తే పోయినవాళ్ల ప్రాణాలు వృథా అవుతాయన్నారు. 2006 డిసెంబర్‌లో, రక్షణ మంత్రి కాబోతున్న రాబర్ట్ గేట్స్‌ను మనం గెలుస్తున్నామా అని సెనేట్‌లో అడిగితే, లేదని ఒక్క ముక్కలో చెప్పేశాడు. జనం ఆ మాట అనుకోవడం మొదలుపెట్టి అప్పటికే చాలాకాలమైంది.

జనం చావులకు భయపడి వెనక్కి తగ్గుతారని నాయకులు అనుకుంటారు. నాకలా అనిపించదు. ఎందుకు పోయామన్న ప్రశ్నకు ఏడాదికో జవాబు వస్తే, అక్కడే అనుమానం మొదలవుతుంది. హోటల్ ఆయన తల్లి వార్తలు చూసి అడగలేదు, సర్వేలు చదివి అడగలేదు.

దిగేసరికి రెండు దాటింది. హోటల్లో పప్పు, టమాట చారు, అన్నం పెట్టారు. తింటుంటే ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నేను రాస్తుంటానని కొడుకు చెప్పేశాడు.

"రాస్తే మేము ఓడిపోయినమని రాయకుండ్రి సార్. పొమ్మన్నరు, పోయినం. రమ్మన్నరు, వచ్చినం."

అలాగే రాస్తానన్నాను, రాశాను. బోరు మాట కూడా రాస్తానని మాత్రం ఆయనకు చెప్పలేదు.