రెండు పూటలా స్నానం చేసినా వాసన ఎందుకు పోదు?

మన ఉత్తరాంధ్ర తీరం వైపు ఎండ కన్నా ఉక్కతోనే ఎక్కువ చావు. అనంతపురంలో 42 డిగ్రీల ఎండలో పట్టిన చెమట గాలికి ఇట్టే ఆరిపోతుంది. అదే భోగాపురంలోనో బారువలోనో 34 డిగ్రీలకే చొక్కా వీపుకి అతుక్కుని సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. గాలి నిండా తేమే ఉంటే చెమట ఆరేదెలా? అందుకే ఇక్కడ పొద్దునా సాయంత్రం శుభ్రంగా స్నానం చేసే మనిషి దగ్గర కూడా మధ్యాహ్నానికి వాసన వస్తుంది. చాలాసార్లు లోపం స్నానంలో ఉండదు. స్నానం అయ్యాక ఒళ్లు ఆరబెట్టుకోకపోవడంలో, తొడుక్కున్న చొక్కాలో ఉంటుంది.

అప్పుడే పట్టిన చెమటకి నిజానికి వాసన లేదు. ఒళ్లంతా ఉన్న స్వేదగ్రంథుల నుంచి వచ్చేది దాదాపు ఉప్పునీరే. చంకల్లోనూ గజ్జల్లోనూ మాత్రం ఇంకో రకం గ్రంథులున్నాయి. ఇవి ఈడు వచ్చే వయసులో పని మొదలుపెట్టి, కొవ్వూ మాంసకృత్తులూ కలిసిన చిక్కటి ద్రవాన్ని వదులుతాయి. దానికీ వాసన ఉండదు. అక్కడి చర్మం మీదుండే కొరినీబాక్టీరియం, స్టాఫిలోకాకస్ హోమినిస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని తిని, గంధకం ఉన్న పదార్థాలనూ ఘాటైన ఆమ్లాలనూ తయారుచేస్తాయి. కుళ్లిన ఉల్లిపాయలా కొట్టేది ఆ గంధకమే. బ్యాక్టీరియాకి కావలసినవి తడి, వెచ్చదనం, కొన్ని గంటల సమయం. మన చేతిలో ఉన్నది తడిని తగ్గించడం, ఆ సమయం దొరక్కుండా చూడడం.

స్నానం సంగతి తొందరగా చెప్పేస్తాను. మామూలు సబ్బు చాలు. చంకలో సబ్బు ఒకసారి అలా రుద్ది చెంబుడు నీళ్లు పోసేస్తే పని కాదు. చేతిలో నురగ చేసుకుని, వెంట్రుకల మొదళ్ల దాకా వెళ్లేలా ఒక్కో వైపు అర నిమిషం రుద్ది, జారుడు పోయేదాకా కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా, కటువుగా ఉండే ఊళ్లలో సబ్బు తెట్టు చర్మం మీద మిగిలిపోతుంది కాబట్టి రెండు చెంబులు ఎక్కువే పోసుకోవాలి. ‘క్రిములను చంపే’ సబ్బుల కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలు మామూలు సబ్బు కన్నా మెరుగని కంపెనీలు రుజువు చూపలేదంటూ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో వాటిని ఇంటి వాడకపు సబ్బుల నుంచి తప్పించింది. చంకల్లో వెంట్రుకలను ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకుంటే తడి తక్కువ నిలుస్తుంది, సబ్బు చర్మానికి తగులుతుంది. నున్నగా గీయాల్సిన పని లేదు. సున్నిపిండి జిడ్డు తీస్తుంది, వద్దనను. కానీ మడతల్లో పిండి మిగలకుండా కడుక్కోవాలి.

స్నానం అయ్యాక చేసేదే అసలు పని. చేయి పైకెత్తి తువ్వాలుతో చంకని రుద్దకుండా అద్దాలి. తర్వాత గజ్జలు, రొమ్ముల కింద మడతలు, పొట్ట మడత, చివరికి కాలివేళ్ల సందులు. అయ్యాక ఫ్యాను కింద రెండు నిమిషాలు నిలబడి, ఒళ్లు ఆరాకే చొక్కా. వైజాగ్ నాన్‌స్టాప్ బస్సు తప్పిపోతుందని తడి ఒంటి మీదే చొక్కా తొడుక్కుని బస్సు కాంప్లెక్స్‌కి పరిగెత్తేవాళ్లు ఆ వాసనని ఇంటి దగ్గర్నుంచే మోసుకెళ్తున్నారు. తువ్వాలుని బాత్‌రూమ్ తలుపు మీద వెయ్యకండి, దండెం మీద ఆరెయ్యండి. మూడు రోజులకోసారి ఉతకండి. ముక్క వాసన కొట్టే తువ్వాలుతో తుడుచుకుంటే ఆ క్రిములే మళ్లీ ఒంటికి అంటుతాయి.

ఇప్పుడు చొక్కా. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఒక చిన్న పరీక్ష ఉంది. ఉతికి ఆరేసిన చొక్కాని ఇస్త్రీ చేసేటప్పుడు చంక దగ్గర కాస్త నీళ్లు చిలకరించి వేడి పెట్టెని ఆనించండి. ఆవిరితో పాటు పాత చెమట కంపు గుప్పున లేచిందంటే, తప్పు మీ ఒంటిది కాదు, ఆ బట్టది. అలాంటి చొక్కా తొడుక్కుంటే, ఒంటి వేడికి పావుగంటలో అదే వాసన వస్తుంది. స్నానం చేసిన వెంటనే వాసన మొదలైందని బాధపడేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

పాలిస్టర్ చొక్కాల్లో ఇది మరీ ఎక్కువ. ఆ దారం నీటిని పీల్చదు గానీ చెమటలోని జిడ్డుని పట్టేసుకుంటుంది, మామూలు ఉతుకుడికి వదలదు. నూలు చెమటని తనలోకి లాక్కుంటుంది, ఉతికితే వదిలేస్తుంది. పొందూరు ఖద్దరు ఈ ఉక్కకి పుట్టిన బట్టలాగే ఉంటుంది, కాకపోతే ధర అందరికీ అందేది కాదు. వదులుగా కుట్టించిన మామూలు నూలు చొక్కా చాలు. యూనిఫాం పాలిస్టర్‌దే అయితే లోపల నూలు బనీను తప్పనిసరి, ఆ బనీను ఏ రోజుకి ఆ రోజు మార్చాలి.

వాసన పట్టేసిన చొక్కాని ఇలా దారికి తేవచ్చు. ముందు లోపలి వైపు బయటికి తిప్పండి, ఎందుకంటే మురికి ఉన్నది అటే. ఒక గ్లాసు తెల్ల వెనిగర్‌కి నాలుగు గ్లాసుల నీళ్లు కలిపి, చంక భాగం మునిగేలా అరగంట నానబెట్టండి. పిండేసి, చేయి పెట్టగలిగినంత గోరువెచ్చని నీళ్లలో ఎంజైములున్న డిటర్జెంట్ పొడి కలిపి ఇంకో అరగంట. మరిగే నీళ్లు పోస్తే ఎంజైములు పాడైపోతాయి. ఆ తర్వాత చంక దగ్గర బ్రష్‌తో మెల్లగా రుద్ది, రెండు నీళ్లు మార్చి జాడించి, తిప్పినట్టే ఎండలో వెయ్యండి. వెనిగర్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ విషవాయువు వస్తుంది. మెత్తదనం కోసం వేసే కండిషనర్ కూడా పాలిస్టర్‌కి వద్దు, దాని పూత కింద జిడ్డు అలాగే ఉండిపోతుంది. ఇంత చేసినా ఇస్త్రీ పెట్టె కింద వాసన లేస్తే ఆ చొక్కాని ఇల్లు తుడవడానికి వాడుకోండి.

వానాకాలంలో బట్టలు రెండు రోజులైనా ఆరవు. ఆ ముక్క వాసన మొరాక్సెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా పని. వరండాలో ఒకదాని మీద ఒకటి కప్పకుండా, మధ్య జానెడు ఖాళీ వదిలి, ఫ్యాను గాలి తగిలేలా వెయ్యాలి. విడిచిన చెమట బట్టల్ని బకెట్టులో కుక్కి మూత పెట్టకండి. ఉతికేదాకా తీగ మీద వేలాడనివ్వండి.

ఇక డియోడరెంట్లు. షాపుల్లో కుర్రాళ్లు ఎగబడి కొనే బాడీ స్ప్రేల్లో ఎక్కువ భాగం సెంటూ ఆల్కహాలూనే. గంటా రెండు గంటలు వాసనని కప్పుతాయి, చెమటని ఆపవు. చెమటని తగ్గించేది యాంటీపర్‌స్పిరెంట్. డబ్బా వెనక అల్యూమినియం క్లోరోహైడ్రేట్ లాంటి అల్యూమినియం లవణం పేరుంటే అదీ. ఇది చెమట నాళం మూతి దగ్గర జెల్‌లా గడ్డకట్టి దారి మూస్తుంది. దాన్ని పొద్దున స్నానం చేసి, హడావుడిగా రాసుకుని బయల్దేరితే సగం చెమటలో కొట్టుకుపోతుంది. రాసుకోవాల్సింది రాత్రి పడుకునే ముందు, బాగా ఆరిన చంకకి, పల్చగా. రాత్రి చెమట తక్కువ కాబట్టి లవణం లోపలికి దిగుతుంది. పొద్దున స్నానం చేసినా ఆ బిరడా ఊడిపోదు. మొదట వరసగా నాలుగైదు రాత్రులు, తర్వాత వారానికి రెండు మూడుసార్లు. తడి చర్మం మీద గానీ, గీసుకున్న రోజు గానీ రాస్తే మంట పుడుతుంది.

పటిక కూడా పనిచేస్తుంది, మంగలి షాపులో వాడేదే. స్నానం అయ్యాక ముక్కని తడిపి చంకలో నాలుగుసార్లు రుద్ది ఆరనివ్వాలి. బ్యాక్టీరియా తగ్గుతుంది, చెమట పెద్దగా తగ్గదు. పటికని ‘అల్యూమినియం లేని సహజ డియో’ అని అమ్మేవాళ్లున్నారు. పటిక అంటేనే పొటాషియం అల్యూమినియం సల్ఫేట్.

ఉద్దానం వాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో చెప్పక్కర్లేదు. ఒంట్లో చేరిన అల్యూమినియంని బయటికి పంపేది కిడ్నీలే. అందుకే అమెరికాలో అమ్మే యాంటీపర్‌స్పిరెంట్ల మీద ‘కిడ్నీ జబ్బు ఉంటే వాడే ముందు డాక్టరుని అడగండి’ అని అచ్చు వెయ్యడం తప్పనిసరి. డయాలసిస్ చేయించుకునేవాళ్లు, రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు వీటినీ పటికనీ పక్కన పెట్టి, సబ్బు, ఆరబెట్టుకోవడం, నూలు బట్టతోనే నెట్టుకురావడం మేలు. ‘నీళ్లు బాగా తాగితే వాసన పోతుంది’ అనే సలహా కూడా వాళ్లకి కాదు. రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో వాళ్లకి డాక్టరు కొలత చెప్పే ఉంటాడు.

ఏం చేసినా లొంగని చంక వాసనకి ఇంకో ఉపాయం ఉంది. మొటిమల కోసం మందుల షాపులో దొరికే బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్, 2.5 లేదా 5 శాతంది. తడి చంకకి పల్చగా రాసి రెండు నిమిషాలు ఉంచి కడిగెయ్యాలి. వారానికి రెండు మూడుసార్లతో మొదలుపెట్టాలి, ఎర్రబడితే ఆపెయ్యాలి. ఇది రంగు బట్టల్ని తెల్ల మచ్చలు చేస్తుంది కాబట్టి తుడుచుకునేది తెల్ల తువ్వాలు కావాలి. నిమ్మచెక్క, వంటసోడా మాత్రం చంకలో రుద్దకండి. రెండూ చర్మాన్ని మండిస్తాయి. నిమ్మరసం కారిన చోట ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చ మిగులుతుంది. నిమ్మకాయ నిజంగా పనికొచ్చేది చేపలు కోసిన చేతికి. నీచు వాసన క్షార గుణం ఉన్న పదార్థాలది, పులుపు తగలగానే లొంగుతుంది. చింతపండు పిప్పయినా అంతే. ఆ తర్వాత సబ్బుతో కడుక్కుని ఎండలోకి వెళ్లాలి.

పాదాల కంపు వేరే కథ. పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టంతా సేఫ్టీ బూట్లలో నిలబడేవాళ్లకి ఇది బాగా తెలుసు. ఒకే జత రోజూ తొడిగితే లోపలి తడి ఎప్పటికీ ఆరదు. రెండు జతలుంటే రోజు మార్చి రోజు వాడండి. ఒకటే ఉంటే రాత్రి బూటు లోపలి అట్ట బయటికి తీసి, లోపల పాత పేపరు ఉండలు కుక్కి, పొద్దున తీసెయ్యండి. మేజోళ్లు తిప్పి ఉతకాలి, భోజనం వేళకి మార్చుకోవడానికి బ్యాగులో ఇంకో జత ఉండాలి. అరికాలి మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపించి, తడిసినప్పుడు తెల్లబడుతుంటే అది బ్యాక్టీరియా జబ్బు. చర్మం డాక్టరు రాసే పూత మందుతో తగ్గిపోతుంది, సెంటు పౌడరుతో తగ్గదు.

గజ్జల్లో గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదగా ఉంటే తామర. దానికి షాపువాడు ఇచ్చే ‘మూడు మందులు కలిసిన’ క్రీములో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గి, నెలకి తొడలంతా పాకుతుంది. ట్యూబు మీద క్లోబెటాసోల్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ పేరు ఉంటే కొనకండి.

ఆడవాళ్లు నెలసరిలో ప్యాడ్‌ని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. లోపల సబ్బుతోనో లోషన్‌తోనో కడగకూడదు, బయట నీళ్లు చాలు. పిల్లల్లో ఎనిమిది తొమ్మిదేళ్లు దాటాక ఎప్పుడైనా చంక వాసన మొదలుకావచ్చు. నలుగురిలో వెక్కిరించకుండా, సబ్బు ఎలా రుద్దాలో ఇంట్లో చూపించండి. ఎనిమిదేళ్ల లోపే వస్తే డాక్టరుకి చూపించాలి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వెల్లుల్లి, మెంతులు, మందు ఒంటి వాసనని కొన్ని గంటలపాటు మారుస్తాయి, మానేస్తే పోతుంది. కానీ ఉన్నట్టుండి వాసన మారితే పట్టించుకోవాలి. రాత్రిళ్లు పక్క తడిసేలా చెమట, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కలిసి వస్తే కళ్లె పరీక్ష చేయించాలి, టీబీ కావచ్చు. చంకల్లో గడ్డలు మళ్లీ మళ్లీ లేచి చీము కారుతుంటే వాటిని చిదమకుండా చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగరున్న మనిషి ఊపిరి మగ్గిన పండులా వాసన వస్తూ, వాంతులూ ఆయాసమూ ఉంటే పొద్దున్న చూద్దాంలే అనుకోకుండా అప్పుడే 108కి ఫోన్ చెయ్యాలి.