మూడో రివ్యూలో గట్టెక్కిన నా యూజ్ కేస్

నిన్న సాయంత్రం నా యూజ్ కేస్ వివరణలు మూడో రివ్యూలో గట్టెక్కాయి. సాఫ్ట్‌వేర్‌తో ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఎలా జరుగుతుందో చెప్పేదే యూజ్ కేస్. మొదటి రివ్యూలో జరిగిన అవమానం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

పని గ్రంథాలయ సాఫ్ట్‌వేర్. యాక్టర్ల, అంటే సిస్టమ్‌ను వాడేవాళ్ల జాబితా, ఎవరికి ఏ యూజ్ కేస్‌తో పనో చూపే బొమ్మ ఒక్క పూటలో అయిపోయాయి. ఒక యూజ్ కేస్‌కు అవసరమైతే మరొకటి తోడవుతుందని చూపే ‘ఎక్స్‌టెండ్’ బాణం ఎటు తిప్పాలో కాసేపు తడబడ్డాను. అదనపు యూజ్ కేస్ నుంచి అసలు దాని వైపు వెళ్తుంది, అంతే.

చిక్కంతా బొమ్మ వెనక రాయవలసిన వచనంతోనే. ఇలాంటి బొమ్మలు గీసే పద్ధతి యూఎమ్ఎల్ 1997లోనే ప్రమాణంగా స్థిరపడింది. అయితే అది బొమ్మ ఎలా గీయాలో చెప్పింది గానీ, వివరణను ఏ మూసలో రాయాలో నిర్దేశించలేదు. ఆ లోటును మా ఆఫీసు 18 గడుల టెంప్లేట్‌తో తీర్చింది. రచయిత, వెర్షన్, ప్రాధాన్యం, ఎంత తరచుగా వాడతారు... ఇవన్నీ నింపేసరికి మధ్యాహ్నం దాటింది. దాన్ని తయారుచేసిన మహానుభావుడు ఒక్క యూజ్ కేస్ కూడా స్వయంగా రాసి ఉండడని నా గట్టి నమ్మకం. మీరు మాత్రం ముందు మెయిన్ ఫ్లో, అంటే అంతా సవ్యంగా సాగితే పని నడిచే అడుగులు రాయండి. గడులు ఎక్కడికీ పోవు.

నా మొదటి యూజ్ కేస్ ‘పుస్తకం అరువివ్వడం’. 22 అడుగులు రాశాను. ‘సిబ్బంది నీలం బటన్ నొక్కుతారు’, ‘కొత్త విండో తెరుచుకుంటుంది’... ఎంత వివరంగా రాశానో అని మురిసిపోయాను కూడా. రివ్యూకు మా టీమ్ లీడ్‌తో పాటు, గ్రంథాలయం కౌంటరులో ఏళ్ల తరబడి పనిచేసిన పెద్దావిడ ఒకరు వచ్చారు. లీడ్ నా చేతే అందరి ముందు పైకి చదివించాడు.

రెండో అడుగు దగ్గరే ఆపాడు. ప్రీకండిషన్ గడిలో ‘సభ్యత్వం చెల్లుబాటులో ఉంది’ అని రాశాను. కిందేమో ‘సభ్యత్వం చెల్లుతుందో లేదో సిస్టమ్ చూస్తుంది’ అని ఉంది.

“ఉందని పైన మీరే రాశారు. మళ్లీ చూడడం ఎందుకు? మీ మాట మీద మీకే నమ్మకం లేదా?”

గదంతా నవ్వింది. తప్పు నాదే. యూజ్ కేస్ మొదలయ్యేసరికే నిజమై ఉండవలసింది ప్రీకండిషన్. లోపల పరీక్షించే విషయాన్ని ఆ గడిలో పెట్టకూడదు. అయినా ఆ ముక్క పక్కకు పిలిచి చెప్పవచ్చు. నలుగురిలో పరువు తీస్తే తప్ప పాఠం రాదనుకునే పెద్దలు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు.

తర్వాత బటన్లు, రంగులు, విండోలు ఎర్ర పెన్నుతో కొట్టేసుకుంటూ పోయాడు. ఏడు అడుగులు మిగిలాయి. అన్నీ సిబ్బంది ఏం చేస్తారు, సిస్టమ్ ఏం చేస్తుంది అనేవే. స్క్రీన్ మారినా ఆ ఏడూ మారవు. అది కూడా ఒప్పుకుంటాను.

నన్ను నిజంగా కూలదోసింది ఆ పెద్దావిడ. నాలుగో అడుగులో, పుస్తకం ఇవ్వవచ్చో లేదో సిస్టమ్ చూస్తుంది. అక్కడ దారి తప్పితే ఏం జరగాలో చెప్పే ఆల్టర్నేట్ ఫ్లోగా ‘4ఎ. పుస్తకం అందుబాటులో లేదు: సందేశం చూపుతుంది, యూజ్ కేస్ ముగుస్తుంది’ అని రాశాను. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని, కాగితం మీద ఆ వరుసకు వేలు ఆనించారు.

“అమ్మా, ఆ మనిషి పుస్తకం చేతిలో పట్టుకునే కదా కౌంటరు దగ్గరికి వచ్చాడు? లేదని ఎవరితో చెబుతుంది మీ సిస్టమ్?”

నోట మాట రాలేదు. ఆవిడే అందుకున్నారు. “కానీ ఒక్కోసారి చేతిలో పుస్తకం ఉన్నా కంప్యూటర్‌లో ఇంకొకరి పేరు మీదే ఉంటుందమ్మా. వాళ్లు తెచ్చి ఇచ్చేసి ఉంటారు, మేమే నమోదు చేయడం మరిచి అరలో పెట్టేసి ఉంటాం. ముందు వాళ్ల పేరు మీద వాపసు వేసి, జరిమానా కొట్టేసి, అప్పుడు వీళ్లకు రాస్తాం.”

నేను ముగించేసిన చోటే అసలు పని మొదలవుతోంది. ఆ సాయంత్రం ఆవిడ కౌంటరు దగ్గర గంటన్నర కూర్చుని తిరగరాశాను:

4ఎ. పుస్తకం వేరొకరి పేరు మీద ఉంది.
4ఎ1. సిస్టమ్ ఆ సభ్యుడి పేరు, గడువు తేదీ చూపుతుంది.
4ఎ2. సిబ్బంది వాపసు నమోదు చేసి, జరిమానా రద్దు చేస్తారు.
4ఎ3. 4వ అడుగుకు తిరిగి వెళ్తుంది.

రెండో రివ్యూ ఆ చివరి వరుస మీదే పోయింది. అప్పుడు 5వ అడుగుకు అని రాశాను. ఆ పుస్తకాన్ని మరెవరైనా రిజర్వు చేసుకుని ఉంటే, దాన్ని పట్టుకోవలసిన 4వ అడుగు తనిఖీ జరగకుండానే పోతుంది.

మూడోసారి 11 ఆల్టర్నేట్ ఫ్లోలతో వెళ్లాను. ఒక్క ఎర్ర గీత పడలేదు. కొత్తవాళ్లకు నమూనాగా చూపిస్తామన్నారు. లీడ్ మాత్రం ఇదంతా తాను మొదట్లోనే చెప్పానన్నాడు!

18 గడుల్లో ఆవిడ పేరు రాయడానికి చోటు లేదు. ‘ప్రత్యేక గమనికలు’లో రాశాను. అది గమనిక కిందికి రాదని ఈ రోజు ఉదయం ఫైలు వెనక్కి వచ్చింది. నేను కూడా ఏమీ మార్చకుండా తిరిగి పంపించాను.