కార్తీకంలో ఫ్లూ సూది

నవంబర్ 12, 2025, బుధవారం

తెల్లారకుండానే అత్తయ్యగారు కాలవలో దీపం వదిలి వచ్చి, వీధరుగు మీద కూర్చుని దగ్గుతున్నారు. ఈ చలిలో చన్నీళ్ళ తలస్నానం వద్దంటే వినరు. "నెల్లాళ్ళే కదా అమ్మాయ్" అంటారు.

ఆ దగ్గు వింటే నాకు పోయిన సంక్రాంతే గుర్తొస్తుంది. హైదరాబాదు నుంచి వచ్చిన మనవడు భోగి నాడు జ్వరంతో దిగాడు. వాడు కనుమకల్లా లేచి గాలిపటం ఎగరేశాడు. ఈవిడ మాత్రం ఆయాసంతో నాలుగు రోజులు ఆస్పత్రి మంచం మీద ఉన్నారు. 38,000 అయింది. ఆ బిల్లు ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది, ఎందుకు దాచానో నాకే తెలీదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు "ఏటా ఫ్లూ సూది వేయించండమ్మా" అన్నారు. ఎక్కడ, ఎంతకి అనేది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అలా పది నెలలు గడిచిపోయాయి.

పోయిన వారం ముందు మా ఊరి ఏఎన్ఎమ్ (ప్రభుత్వ నర్సమ్మ)ని అడిగాను, ఊరికే వస్తుందేమోనని. "అది మా లిస్టులో లేదండీ, పిల్లలకి ఇచ్చేవాటిలో కూడా లేదు. కొనుక్కోవాల్సిందే" అంది. ఒక కార్పొరేట్ ఆస్పత్రికి ఫోన్ చేస్తే 2,200, ఓపీ చీటీ వేరే. నాలుగు రకాల వైరస్‌లకి పనిచేసే సూదట. మా ఊరి ఆర్ఎంపీ డాక్టరుగారైతే "మందు మీరు తెచ్చుకోండి, యాభై ఇద్దురుగాని, నేను పొడిచేస్తాను" అన్నారు. మందు దగ్గర్లోని మెడికల్ షాపులో 1,250. చవకే కదా అని సోమవారం సాయంత్రం వెళ్ళాను.

కుర్రాడు ఫ్రిజ్ తలుపు తీశాడు. లోపల ఇన్సులిన్ పెట్టెలు, వాటి పక్కన మంచినీళ్ళ సీసా, అరటిపండ్ల కవరు, వెనకాల ఈ సూది. పెట్టె మీద "2025 సదరన్ హెమిస్ఫియర్" (అంటే భూగోళం దక్షిణ సగానికి) అని ఉంది, గడువు జనవరి దాకానే. "అందుకే తగ్గించి ఇస్తున్నామండి" అన్నాడు నిజాయితీగానే. నాకు గడువు కంటే ఇంకోటి తట్టింది. అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు రెండు రోజులు కరెంటు లేదు. మా ఇంట్లో పాలు విరిగాయి. "మరి అప్పుడు ఇవేం చేశారు బాబూ?" అన్నాను. "ఐసు గడ్డలు పెట్టామండి" అన్నాడు. పెట్టెని ఫోన్‌లో ఫొటో తీసుకుని, మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను.

రాత్రి పక్కింటి పద్మక్క చెప్పింది, ఇలాంటి సూదులు పిల్లల డాక్టర్ల దగ్గర బాగా ఉంటాయని. నిజమే, రోజూ టీకాలు వేసేది వాళ్ళేగా. పాలకొల్లులో ఒకాయన దగ్గర అన్నీ కలిపి 1,600 అని తెలిసింది. అంటే నాకు ఆరు లైనింగ్ జాకెట్ల కుట్టుకూలి. ఈ నెల అత్తయ్యగారికి, చీటీ డబ్బు కట్టాక వచ్చే నెల మా ఆయనకి (ఆయనకి షుగరు) అని లెక్క వేసుకున్నాను. నా పేరు ఆ లెక్కలో లేదు. నాకు 47, గుండ్రాయిలా ఉన్నాను.

ఇవాళ బయల్దేరాం. బస్సుకి ఖర్చు లేదు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. చించినాడ బ్రిడ్జి ఎక్కేసరికి వశిష్ఠ గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. అత్తయ్యగారు నదికి దణ్ణం పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని, గట్టున పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదిహేడు దాకా వచ్చి మరిచిపోయారు.

క్లినిక్ నిండా చంటిపిల్లలు. గోడల మీద ఏనుగులు, కుందేళ్ళు. డెబ్భై రెండేళ్ళ మనిషి చిన్న ఎర్ర కుర్చీలో ఇరుక్కుని కూర్చుంటే, ఎదురుగా ఒక తల్లి "మనవణ్ణి తీసుకొచ్చారా మామ్మగారూ?" అంది. "నన్నే తీసుకొచ్చిందమ్మా మా కోడలు" అన్నారీవిడ.

డాక్టరుగారికి షాపులో తీసిన ఫొటో చూపించాను, పాతమందు అంటగడుతున్నారేమోనని. ఆయన తన దగ్గరున్న పెట్టె తీసి ఫోన్ పక్కన పెట్టారు. ఈయనది "2025/2026 నార్తర్న్ హెమిస్ఫియర్", అంటే ఉత్తర సగానికి. కింద చిన్న అక్షరాల్లో మూడు పేర్లు: విక్టోరియా, క్రొయేషియా, ఆస్ట్రియా. నా ఫొటోలోనూ అవే మూడు. వైరస్ ఎక్కడ దొరికితే ఆ చోటి పేరు, చివర్న ఆ ఏడు వేస్తారట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు ఈ పేర్లు చూసి, అవసరమైతే మారుస్తుంది కానీ ఈసారి రెండు జాబితాలూ ఒకటే వచ్చాయి. "మందు ఒకటేనమ్మా. ఆస్పత్రివాళ్ళు నాలుగోది ఉందన్నారని చెప్పారే, ఆ యమగాటా రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా కనబడలేదు. దానికోసం ఎక్కువ పెట్టక్కర్లేదు" అన్నారు.

మరి ఆర్ఎంపీగారి యాభై కలిపినా ఇంకా మూడొందల తేడా దేనికి? అడగలేదు కానీ, ఆయన ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూశాను. పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె. రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉండాలట. గడ్డ కట్టినా పాడవుతుందట, ఐసు గడ్డలు అన్న కుర్రాడి మాట గుర్తొచ్చింది. తుఫాను నాటి 28న 5, 29న 6, పక్కన నీలం ఇంకుతో "జనరేటర్" అని రాసి ఉంది. నాకు అది చాలు. డబ్బు తీశాను.

మందు సిరంజిలోకి లాగుతూ ఆయన మామూలుగా అడిగారు, "మామ్మగారూ, గుడ్డు తింటే ఒళ్ళు దద్దుర్లు అవీ వస్తాయా?"

"గుడ్డెందుకు?" అన్నారు అత్తయ్యగారు, చెయ్యి వెనక్కి తీసుకుని.

కోడిగుడ్లలో వైరస్‌ని పెంచి, చంపి, శుభ్రం చేస్తారని ఆయన చెప్పారు. అందులో గుడ్డు ఉందా అంటే లేశమాత్రం అన్నారు. అంతే. కార్తీకంలో ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. నేను మందుకి దోషం లేదన్నాను, డాక్టరుగారు నవ్వారు, ఈవిడ కదల్లేదు. "పోలి పాడ్యమి వెళ్ళిన మర్నాడు వస్తాను బాబూ. ఈలోపు కొంప మునుగుతుందా?" మునగదట. మనకి వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి ఫ్లూ లేస్తుంది, సూది పనిచెయ్యడానికి రెండు వారాలు పడుతుంది, 22న వేసినా సంక్రాంతికి బోలెడు టైముంది అన్నారు. వేశాక అసలు జ్వరమే రాదని చెప్పలేననీ, పెద్దవాళ్ళలో ఇది కొంచెం తక్కువగానే పనిచేస్తుందనీ, ఆస్పత్రి దాకా పోకుండా కాస్తుందనీ కూడా చెప్పారు. అదే నచ్చింది నాకు.

అప్పుడు అత్తయ్యగారన్నారు, "లాగిన మందు పారబోస్తారా? దీనికి వేసెయ్యండి. ఇది సోమవారాలు తప్ప పాటించదు. ఇది పడుకుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు."

నేను నోరు తెరిచేలోపే డాక్టరుగారు "మంచిదేనమ్మా, ఇంట్లో చూసుకునేవాళ్ళకి ఉంటే పెద్దావిడకీ అడ్డే" అని నా జాకెట్ చెయ్యి పైకి జరపమన్నారు. చురుక్కుమంది, అయిపోయింది.

రాత్రి తొమ్మిదయింది. ఎడమ భుజం లాగుతోంది, మిషను తొక్కలేదు. నర్సు ఇచ్చిన కార్డు మీద గొడుగు పట్టుకున్న ఏనుగు ఉంది. వయసు దగ్గర 47 అని రాసింది, పక్కన అచ్చేసి ఉన్న "నెలలు" కొట్టెయ్యలేదు. అత్తయ్యగారు అద్దాలు పెట్టుకుని చదివి, వేళ్ళ మీద లెక్కేసి, "నాలుగేళ్ళు కూడా నిండలేదే నీకు" అని నా కంచం తీసి తనే కడగడానికి వెళ్ళారు.