తలకిందుల మనిషి

నిన్న ఒక స్నేహితురాలి ఇంట్లో, జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల కార్డులైన టారో కార్డుల కట్టలోంచి నేను తీసిన మొదటి కార్డు పన్నెండవది, ‘వేలాడే మనిషి’. మరో వారంలో నాన్నగారికి ఆపరేషన్ ఉండడంతో, దాన్ని ఉరిశిక్షగా భావించి నా గుండె ఝల్లుమంది. తరువాత తీరిగ్గా పరిశీలించాను. 1909లో వెలువడిన ‘రైడర్’ అనే టారో కట్ట కోసం పమేలా కోల్మన్ స్మిత్ గీసిన ఆ బొమ్మలో తాడు మెడకు కాదు, ఒక కాలికి ఉంది. అతన్ని మోస్తున్న కొయ్య ఎండిపోలేదు, ఆకులు తొడిగి ఉంది. రెండో కాలు మడిచి, చేతులు వెనక్కి పెట్టుకున్న ఆ మనిషి ముఖంలో బాధ లేదు, తల చుట్టూ కాంతివలయం ఉంది. పూర్వం ఇటలీలో ద్రోహులను అవమానించడానికి వారి బొమ్మలను ఇలాగే తలకిందులుగా గోడలపై చిత్రించేవారు, ఈ కార్డును కూడా ‘ద్రోహి’ అనే పిలిచేవారు. అంతటి అవమానచిహ్నాన్ని తరువాతివారు ఓపికతో ఆగడానికి, చూపు మార్చుకోవడానికి గుర్తుగా చదువుకోవడం నన్ను కదిలించింది. తలకిందులుగా తపస్సు చేసిన మునుల కథలు విని పెరిగిన మనకు ఈ భావం కొత్తది కాదు. కార్డు జోస్యం చెబుతుందని నేను నమ్మను; అయినా రాత్రి నాన్నగారి మంచం పక్కన కూర్చున్నంతసేపూ ఆ ముఖంలోని నెమ్మదే నా కళ్లముందు నిలిచింది.