నాపరాయి నేలలో ఎంత వాన ఇంకుతుంది?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను ఎంచుకున్న ప్రశ్న చిన్నదే. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల చుట్టుపక్కల పడే వానలో భూగర్భంలోకి చేరేది ఎంత?

అక్కడ ఉన్నది నర్జి అనే రకం సున్నపురాయి, నాపరాయి అనేది దీన్నే. చాలాచోట్ల పైన కాస్త మట్టి, దాని కింద పలకలు పలకలుగా నాపరాయి. గట్టి రాయి, నీళ్లు పీల్చదు. దిగితే నెర్రెల గుండానే దిగాలి. అవే నెర్రెలు నీళ్లకి కరిగి కరిగి పెద్దవైన చోట బెలుం గుహలయ్యాయి.

కొలతలకి నేను 18 బావులు ఎంచుకున్నాను. వానలకు ముందు మే నెలలో ఒకసారి, వానలయ్యాక నవంబరులో ఒకసారి నీటి మట్టం కొలవాలి. స్టీలు టేపు చివర సుద్ద రుద్ది కిందికి వదిలితే, తడిసిన మేర సుద్ద రంగు మారుతుంది. మొదటి రెండు రోజుల కొలతలన్నీ పారేయాల్సి వచ్చింది. మధ్యాహ్నం వెళ్లాను, మోటార్లు ఆడుతున్నాయి, మట్టం ఎప్పటికప్పుడు దిగిపోతోంది. ఆ తర్వాత నుంచి కరెంటు రాకముందే, తెల్లారుజామునే పొలాల్లో ఉండేవాణ్ణి.

నవంబరులో సగటున 3 మీటర్లు పెరిగింది. నా సంబరం చూసి ఒక పెద్దాయన అన్నాడు: "నీళ్లు పైకొచ్చినాయని సంబరపడొద్దు నాయనా. మూడు దినాలు మోటారేస్తే మళ్లా అడుగుకే పోతాయి."

అసలు లెక్కంతా ఆ మాటలోనే ఉందని రాత్రి కాగితం ముందు కూర్చున్నాక అర్థమైంది. నెర్రెలో ఖాళీ తక్కువ కాబట్టి కొద్ది నీళ్లకే మట్టం చాలా ఎత్తు లేస్తుంది. అందుకే పెరిగిన ఎత్తుని ఆ రాయి వదిలే నీటి శాతంతో గుణించాలి. భూగర్భ జలాల అంచనాకి మన దేశంలో వాడే ప్రమాణాల్లో మామూలు సున్నపురాయికి అది 2 శాతం, గుహలు పడేంతగా కరిగిన సున్నపురాయికి 8 శాతం. అంటే నా 3 మీటర్లు ఒక లెక్కన 60 మిల్లీమీటర్లు, ఇంకో లెక్కన 240. ఏడాది వాన 600 మిల్లీమీటర్లున్న చోట 240 ఇంకిందంటే నాకే నమ్మకం కలగలేదు. పైగా వానాకాలంలో తోడిన నీళ్లు కూడా దీనికి కలపాలి. ఏది వాడాలో తేలక వారం రోజులు ఒకటే టెన్షన్.

అప్పుడు క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) లెక్క చేశాను. వానతో వచ్చే క్లోరైడ్ ఆవిరి కాదు, నీరే ఆవిరవుతుంది. కాబట్టి బావి నీళ్లలో అది ఎన్ని రెట్లు చిక్కబడితే, ఇంకింది వానలో అన్నో వంతు. ఎరువు, మురుగు కలిసిన బావుల్లో ఈ లెక్క తప్పుతుంది, అందుకే గుట్ట వాలున ఉన్న నాలుగు బావులే తీసుకున్నాను. వాననీటికి 15 రెట్లు వచ్చింది, అంటే 40 మిల్లీమీటర్లు. వానలో 6 శాతం ఇంకుతుందనే ప్రమాణం ప్రకారం 36. దాంతో 2 శాతం వైపే మొగ్గాను. ఒక్క అంకె కాకుండా 36 నుంచి 60 అని రాశాను, గుహల దగ్గరి మూడు బావుల్ని మాత్రం విడిగా చూపించాను. నెర్రెల రాతికి ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటే అది రైతుని మోసం చేసినట్టే.

మరుసటి మేలో పెద్దాయన బావిలో మళ్లీ టేపు దించాను. నీళ్లు నిరుటి మట్టానికి ఒక అడుగు కిందే ఉన్నాయి.